రొట్టె విరిచే చెయ్యి ఎవరిది?

కతోలిక చర్చిలో పూజ అయిపోయాక మిగిలిన అప్పాలను ఏం చేస్తారు, బాప్టిస్టు చర్చిలో బల్ల ఆరాధన ముగిశాక మిగిలిన రొట్టెముక్కలను ఏం చేస్తారు అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, రెండు సంప్రదాయాల మధ్య ఐదువందల ఏళ్ళుగా నలుగుతున్న తగవు కళ్ళకు కడుతుంది. కతోలిక గురువు మిగిలిన అప్పాలను మూతపాత్రలో ఉంచి, మందసంలో భద్రపరిచి తాళం వేస్తారు. ఆ మందసం పక్కన రాత్రింబవళ్ళు ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. పళ్ళెంలో రాలిన నలుసులను సైతం పాత్రలోకి దులిపి, నీళ్ళు పోసి, ఆ నీళ్ళను తానే తాగుతారు. చర్చిలోకి వచ్చినవాళ్ళు ఆ మందసం ఎదుట మోకాలు వంచాకే వెళ్ళి కూర్చుంటారు. బాప్టిస్టు చర్చిలో చిన్న గ్లాసులు అమర్చిన ట్రేలో ద్రాక్షరసం మిగిలితే పారబోయడానికి ఎవరూ సంకోచించరు. ఆరాధన అయిపోయింది, మిగిలింది రొట్టె, అంతే. ఈ రెంటికీ నడుమ ఆంగ్లికన్లు ఉన్నారు. మిగిలిన రొట్టెను, ద్రాక్షరసాన్ని చర్చి గురువు తన సొంతానికి వాడుకోవచ్చని 1552 నాటి వాళ్ళ ప్రార్థన పుస్తకం చెప్పింది. 1662లో అదే పుస్తకాన్ని సవరించినప్పుడు, ఆశీర్వదించినదాంట్లో మిగిలింది గుమ్మం దాటకూడదనీ, అక్కడే భక్తితో తినేయాలనీ మార్చి రాశారు. నూటపదేళ్ళలో ఒకే సంఘం మనసు అంత దూరం ప్రయాణించింది.

ఇంత లోతున్న తగవును మన దగ్గర చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కతోలికులకు అది నిజంగా క్రీస్తు శరీరం, ప్రొటెస్టెంట్లకు ఉత్త గుర్తు అని. చర్చి గుమ్మం తొక్కని వాళ్ళు అలా అనుకున్నా అర్థం ఉంది. కానీ ఆదివారం తప్పకుండా వెళ్ళేవాళ్ళు కూడా అదే అనుకుంటున్నారు. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బుర్గ్ కోటలో ప్రొటెస్టెంట్ ఉద్యమ నాయకులే ఈ విషయం మీద ఎదురెదురుగా కూర్చున్నారు. కతోలిక చక్రవర్తిని ఎదుర్కోవాలంటే అందరూ ఏకం కావాలని హెస్సె పాలకుడు ఫిలిప్ వాళ్ళను పిలిపించాడు. మార్టిన్ లూథరు చాక్‌ముక్కతో బల్ల మీద, చివరి రాత్రి యేసు రొట్టెను చూపి అది తన శరీరమని చెప్పిన మాటను లాటిన్‌లో రాసుకుని, దాని మీద గుడ్డ కప్పాడు. జూరిచ్ నుంచి వచ్చిన జ్వింగ్లీ, క్రీస్తు పరలోకానికి ఆరోహణమయ్యాడు గనుక ఆయన శరీరం రొట్టెలో ఉండదు, ఆ మాటను అలంకారంగా తీసుకోవాలి అని వాదించినప్పుడు, లూథరు గుడ్డ తొలగించి ఆ రాత చూపించాడు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద సంతకాలు అయ్యాయి. పదిహేనోదాంట్లో కూడా చాలా భాగం కుదిరింది గానీ, క్రీస్తు శరీరం రొట్టెలో నిజంగా ఉందా లేదా అన్న దగ్గర ఆగిపోయింది. ఈ ఒక్క విషయంలో జ్వింగ్లీ కంటే పోపే తనకు దగ్గరన్న అర్థంలో లూథరు అంతకు ముందు ఏడే రాసి ఉన్నాడు. తర్వాత జెనీవాలో కాల్విన్ మూడో దారి తీశాడు. క్రీస్తు రొట్టెలోకి దిగిరాడు, పరిశుద్ధాత్మ విశ్వాసినే ఆయన దగ్గరికి లేపుతుంది, అయినా విశ్వాసి నిజంగానే క్రీస్తును అందుకుంటాడు అన్నాడు. ఈ భోజనం ప్రతి ఆదివారం ఉండాలని ఆయన పట్టుబట్టినా జెనీవా నగర పాలకులు ఒప్పుకోలేదు. జ్వింగ్లీ జూరిచ్‌లో మాత్రం 1525 నుంచి ఏడాదికి నాలుగుసార్లు, కొయ్య పళ్ళేల్లో రొట్టె, కొయ్య గిన్నెల్లో ద్రాక్షరసం, కూర్చున్న జనం మధ్యకే తెచ్చి పంచారు. కాబట్టి ప్రొటెస్టెంట్ నమ్మకం అంటూ ఒక్కటి లేదు. కనీసం మూడున్నాయి, వాటిలో రెండు క్రీస్తు అక్కడ నిజంగా ఉన్నాడనే చెబుతాయి.

కతోలిక బోధను కూడా మనం మొరటుగా అర్థం చేసుకుంటాం. 1215లో నాలుగో లాటరన్ మహాసభ వాడిన ట్రాన్సబ్‌స్టాన్షియేషన్ అన్న మాటకు పదమూడో శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ తాత్విక రూపం ఇచ్చాడు. 1551లో ట్రెంట్ మహాసభ దాన్ని స్థిరపరిచింది. ప్రతి వస్తువుకూ కంటికి కనపడే గుణాలు వేరు, ఆ వస్తువు లోలోపల ఏమిటన్న సారం వేరు అన్నది అరిస్టాటిల్ నుంచి వచ్చిన ఆలోచన. పూజలో మారేది సారం. రంగు, రుచి, బరువు, వాసన రొట్టెవే. పరీక్షశాలకు పంపితే గోధుమపిండి అనే ఫలితం వస్తుందని ఏ కతోలిక పండితుడైనా ఒప్పుకుంటాడు. అద్భుతం చేసి చూపించామన్న దావా అక్కడ లేదు. ఈ వివరణ నచ్చకపోవచ్చు, అరిస్టాటిల్‌ను పక్కన పెట్టిన కాలానికి ఇది అర్థం కాకపోవచ్చు, కానీ ఇది మూఢనమ్మకం కాదు. ఈ వివరణను కాదన్నందుకు 1546లో ఇంగ్లండులో ఆన్ ఆస్క్యూ అనే యువతిని సజీవంగా తగలబెట్టారు. 1673 నుంచి అదే ఇంగ్లండులో, ఈ సిద్ధాంతాన్ని నమ్మనని ప్రకటిస్తే తప్ప ఎవరికీ ప్రభుత్వోద్యోగం దక్కనివ్వలేదు. ఒక కాలంలో కాదన్నవాళ్ళు చచ్చారు, ఇంకో కాలంలో ఔనన్నవాళ్ళు హక్కులు పోగొట్టుకున్నారు.

ఇంత రక్తం, ఇంత తర్కం చూశాక, రెండు వర్గాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోకపోవడానికి కారణం రొట్టె ఏమవుతుందన్న ప్రశ్నే అని ఎవరైనా అనుకుంటారు. నేను అనుకోను. ఈ రోజు బల్లను విడదీస్తున్న అసలు ముడి వేరే చోట ఉంది. ఆ రొట్టెను చేతిలోకి తీసుకుని ప్రార్థన చేసే అధికారం ఎవరికుంది, ఆ అధికారాన్ని ఇచ్చేదెవరు అన్నదే ఆ ముడి. రుజువు కతోలిక చట్టంలోనే ఉంది. 1983 నాటి చట్టసంహితలోని 844వ నిబంధన ప్రకారం, ఆర్థడాక్స్ విశ్వాసి తనంతట తాను అడిగి, తగిన మనస్థితిలో ఉంటే కతోలిక గురువు అతనికి సత్ప్రసాదం, అంటే ఆశీర్వదించిన అప్పం, ఇవ్వవచ్చు. ఆర్థడాక్స్ సంఘాలు పోపు అధికారాన్ని ఒప్పుకోవు, అక్వినాస్ వివరణ తమను కట్టిపడేస్తుందనీ ఒప్పుకోవు. అయినా తలుపు తెరుచుకుంటుంది, ఎందుకంటే వాళ్ళ గురువుల అభిషేకాన్ని రోము చెల్లుతుందని గుర్తించింది. ఇంతకంటే గట్టి ఉదాహరణ 2001లో దొరికింది. అస్సిరియన్ తూర్పు సంఘం వాడే అద్దాయి, మారి అనే ప్రాచీన ప్రార్థనలో, మార్బుర్గ్‌లో లూథరు చాక్‌తో రాసిన ఆ మాట ఉన్నదున్నట్టుగా ఎక్కడా లేదు. అయినా ఆ ప్రార్థనతో జరిగే ఆరాధన చెల్లుతుందని రోము ప్రకటించింది. ప్రార్థన అతి ప్రాచీనమైనది, ఆ మాటల భావం ప్రార్థనంతా పరుచుకుని ఉంది, ఆ సంఘానికి అపొస్తలుల వారసత్వం ఉంది అని కారణాలు చెప్పింది. మంచి నిర్ణయమే. కానీ ఒక లూథరన్ పాస్టరు అవే మాటలను స్పష్టంగా, క్రీస్తు అక్కడ నిజంగా ఉన్నాడని నమ్మి పలికినా, అది చెల్లుబాటయ్యే దివ్యబలిపూజ కాదని అదే రోము అంటుంది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే నిర్ణయం ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. 1896లో పోపు పదమూడో లియో ఆంగ్లికన్ గురువుల అభిషేకం అసలు చెల్లదని తేల్చినప్పుడు కూడా గీత అక్కడే పడింది. 1964లో రెండో వాటికన్ మహాసభ ఎంతో ఆదరంగా మాట్లాడుతూనే, ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఈ రహస్యం సంపూర్ణంగా నిలవకపోవడానికి ముఖ్య కారణం గురుత్వ సంస్కారం లేకపోవడమేనని రాసింది.

ఇంకో రుజువు జనం వైపు నుంచి వస్తుంది. 2019లో అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ అక్కడి కతోలికులను అడిగితే, అప్పం, ద్రాక్షరసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయని చెప్పింది 31 శాతం. 69 శాతం మంది అవి గుర్తులేనన్నారు. ఈ అంకెలు చూసి అక్కడి బిషప్పులు కలవరపడటం సహజం. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఆ 69 శాతంలో ఎవరినీ సత్ప్రసాదం వరుసలో ఆపి నీ నమ్మకం ఏమిటని అడగరు. అదే వరుసలో, క్రీస్తు అక్కడ నిజంగా ఉన్నాడని గుండెల నిండా నమ్మే లూథరన్ నిలబడితే అతనికి దొరకదు. తెలియక పొరబడిన బిడ్డ వేరు, వేరే ఇంటివాడు వేరు అని దీనికి కతోలికులు జవాబిస్తారు. ఆ జవాబులో న్యాయముంది. అయితే ఆ జవాబు ఒప్పుకుంటున్నదేమిటంటే, బల్ల దగ్గర అడుగుతున్నది నమ్మకాన్ని కాదు, సభ్యత్వాన్ని. సభ్యత్వం బిషప్పుతో, బిషప్పు ద్వారా పోపుతో ఉన్న బంధాన్ని బట్టి నిలుస్తుంది. మళ్ళీ మనం అధికారం దగ్గరికే వచ్చాం.

ప్రొటెస్టెంట్ల చరిత్రా ఇదే చెబుతోంది, అందులో మన తెలుగు నేలకు పెద్ద పాత్రే ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ మూలాలున్న దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాయి. 1919లో ట్రాంక్విబార్ సమావేశంతో మొదలైన ఈ ప్రయత్నానికి ప్రాణం పోసినవాళ్ళలో దోర్నకల్ బిషప్పు అజరయ్య ఒకరు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన ఆయన 1945 జనవరి 1న కన్నుమూశాడు, తాను కోరిన కలయికను చూడలేదు. కలిసిన సంఘాల్లో ప్రభు భోజనం గురించి అన్ని రకాల నమ్మకాలూ ఉన్నాయి. లూథరుకు దగ్గరగా ఆలోచించేవాళ్ళు, కాల్విన్ అనుచరులు, జ్వింగ్లీ వైపు మొగ్గేవాళ్ళు అందరూ అందులో చేరారు. ఇన్ని రకాల నమ్మకాలున్నా ఇరవై ఎనిమిదేళ్ళ చర్చలను అవి అంతగా సాగదీయలేదు. సాగదీసింది బిషప్పుల ప్రశ్న. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని మెథడిస్టు, కాంగ్రిగేషనల్ పాస్టర్లు ఆంగ్లికన్ బలిపీఠం దగ్గర రొట్టె విరవవచ్చా అన్నదే పెద్ద పేచీ అయింది. ఇంగ్లండులో దీని మీద ఎంత గొడవ జరిగిందంటే, కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ ఐక్య పథకాన్ని వ్యతిరేకిస్తూ ఒక చిన్న పుస్తకమే అచ్చు వేశాడు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, అప్పటికే ఉన్న పాస్టర్లందరినీ మళ్ళీ అభిషేకించకుండానే స్వీకరిస్తారు, ఇక మీదట జరిగే అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరుగుతాయి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామందికి ఇది మింగుడుపడలేదు, 1947లో వాళ్ళు చేరలేదు, ఎన్నో ఏళ్ళ తర్వాతగానీ కలవలేదు. మెదక్‌లోనో దోర్నకల్‌లోనో ఈ రోజు ఒకే కటకటాల దగ్గర మోకరించే కుటుంబాల తాతముత్తాతలు వేరు వేరు బల్లల వాళ్ళు. వాళ్ళను ఒక బల్ల దగ్గరికి తెచ్చింది రొట్టె గురించిన కొత్త సిద్ధాంతం కాదు. ఒకరి పాస్టర్లను ఒకరు పాస్టర్లుగా ఒప్పుకోవడమే వాళ్ళను కలిపింది.

యూరపులోనూ అంతే. మార్బుర్గ్‌లో విడిపోయిన లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు 444 ఏళ్ళకు, 1973లో, స్విట్జర్లాండులోని లోయెన్‌బెర్గ్‌లో ఒకరి బల్ల దగ్గర ఒకరు కూర్చోవడానికి ఒప్పందం చేసుకున్నాయి. లూథరు గెలిచాడనో జ్వింగ్లీ గెలిచాడనో అందులో రాయలేదు. పదహారో శతాబ్దపు శాపనార్థాలు ఇప్పటి ఎదుటి సంఘం బోధకు తగలవని ఒప్పుకుని, ఒకరి పరిచర్యను ఒకరు గుర్తించారు. కతోలికులతో జరిగిన చర్చల్లోనూ ఇదే తీరు. అమెరికాలో లూథరన్, కతోలిక పండితులు 1967లో ఈ భోజనంలోని బలి అర్థం గురించి ఆశ్చర్యపోయేంత దగ్గరికి వచ్చారు. 1970లో పాస్టర్ల గుర్తింపు మీద రాయడానికి కూర్చున్నప్పుడే మెట్ట ఎక్కుతున్నట్టయింది. 1971లో ఆంగ్లికన్, కతోలిక ఉమ్మడి కమిషన్ విండ్సర్‌లో క్రీస్తు సాన్నిధ్యం గురించి తమకు సారాంశంలో ఏకాభిప్రాయం ఉందని ప్రకటించింది. 1982లో పలు సంఘాల ప్రతినిధులు కలిసిన లిమా సమావేశంలో రూపుదిద్దుకున్న పత్రం బాప్తిస్మం, ప్రభు భోజనం, పరిచర్య అనే మూడింటి గురించి మాట్లాడింది. మూడింట్లో ఎక్కువ అభ్యంతరాలు మూటగట్టుకున్నది పరిచర్య అధ్యాయమే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. పండితుల పత్రాలు వేరు, సంఘాల నమ్మకం వేరు అంటారు. జర్మనీలో కతోలిక, ప్రొటెస్టెంట్ వేదాంతుల బృందం 2019లో, ఒకరి బల్లకు ఒకరు రావచ్చని ఒక పత్రం రాస్తే, 2020 సెప్టెంబరులో రోము దాన్ని కాదంది. ప్రభు భోజనం గురించిన అవగాహనలోను, గురుత్వం గురించిన అవగాహనలోను ఉన్న తేడాలు ఇంకా బరువైనవేనంది. పైగా బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాల్లో వినిపించేది జ్వింగ్లీ గొంతే. వాళ్ళు ఆ రొట్టె ముందు మోకరించడమే విగ్రహారాధన అనుకుంటారు. వాళ్ళకూ కతోలికులకూ మధ్య ఉన్నది పాస్టరు గుర్తింపు సమస్య ఒక్కటే అంటే అది అబద్ధమవుతుంది. ఒప్పుకుంటాను. నమ్మకంలో తేడా లేదని నేను అనడం లేదు. నమ్మకంలో తేడా ఉన్న చోట తేడా ఉందని చెప్పాలి, లేని చోట కూడా ఉందని చెప్పడం తగదు అంటున్నాను. గుంటూరు ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘంలో పెరిగినవాడినీ, రొట్టెను కేవలం జ్ఞాపకంగా చూసే స్వతంత్ర సంఘంవాడినీ ప్రొటెస్టెంట్ అన్న ఒకే గాటన కట్టి ఒకే జవాబివ్వడం న్యాయం కాదు. ఒక కుటుంబంలో ఒకరి నమ్మకాన్ని విని, అడిగి తెలుసుకుని నిర్ణయించడానికి వీలున్న చోట, పేరు చూసి తిప్పి పంపడం ఆ మనిషి విశ్వాసాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే.

రెండో అభ్యంతరం ప్రొటెస్టెంట్ల నుంచి వస్తుంది, దీన్ని తెలుగు పల్లెల్లో గట్టిగానే చెబుతారు. కతోలికులు ప్రతి పూజలోనూ క్రీస్తును మళ్ళీ మళ్ళీ బలిస్తారు, ఆయన ఒక్కసారే అర్పించుకున్నాడన్న హెబ్రీ పత్రిక మాటను కొట్టేస్తారు, అలాంటి బల్ల దగ్గరికి మేమెందుకు పోవాలి అని. 1520లో లూథరు కోపం ఇదే. ఆ కోపానికి కారణం కూడా ఉంది. చనిపోయినవాళ్ళ పేరున డబ్బు పుచ్చుకుని, జనం లేకుండా గురువు ఒక్కడే చేసే పూజలు ఆ రోజుల్లో వ్యాపారంలా నడిచాయి. జనానికి ద్రాక్షరసపు పాత్ర ఇవ్వకూడదని 1415లో కాన్‌స్టాన్స్ మహాసభ ఆజ్ఞాపించింది. అదే సభ చెక్ సంస్కర్త యాన్ హుస్‌ను తగలబెట్టించింది. రెండో వాటికన్ తర్వాత పాత్ర తిరిగి వచ్చింది గానీ, మన విచారణల్లో (పారిష్‌లలో) చాలా చోట్ల ఆదివారం ఇప్పటికీ అప్పం ఒక్కటే. ఇవన్నీ నిజం. కానీ బలి విషయంలో ఆరోపణ మాత్రం నిలవదు. 1562లో ట్రెంట్ సభ చెప్పింది వేరు. సిలువ మీద అర్పించుకున్నవాడే ఇక్కడ అర్పించుకుంటున్నాడు, బలి అదే, అర్పించే విధానం ఒక్కటే వేరు అంది. రెండో బలి ఉందని ఆ సభ అనలేదు. ఆ వివరణతో విభేదించవచ్చు, నేనూ కొంత దూరం విభేదిస్తాను. కానీ ఎదుటివాడు చెప్పని మాటను అతని నోట్లో పెట్టి, దాన్ని ఖండిస్తూ పిల్లలకు పాఠాలు చెప్పడం మానాలి. ఈ పని చేయడానికి ఏ మహాసభ అనుమతీ అక్కర్లేదు.

మూడో అభ్యంతరం మూసిన బల్లను సమర్థించే కతోలికులూ, క్రమశిక్షణ కోసం బల్లకు కంచె వేసే బాప్టిస్టులూ, బ్రదరెన్ సంఘాలూ ఒకే గొంతుతో చెప్పేది. అయోగ్యంగా తినేవాడు, శరీరాన్ని వివేచించకుండా తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని పౌలు హెచ్చరించాడు కదా అంటారు. ఆ హెచ్చరిక ఎక్కడుందో చూడాలి. కొరింథులో విశ్వాసులు సాయంత్రం ఒక ఇంట్లో కూడి తినేవాళ్ళు. తీరిక ఉన్న ధనికులు ముందే వచ్చి, తెచ్చుకున్నది తిని, తాగి మత్తెక్కి కూర్చునేవాళ్ళు. పని ముగించుకుని వచ్చే పేదలకూ దాసులకూ ఆకలే మిగిలేది. పౌలు మండిపడింది దాని మీద. లేనివాళ్ళను సిగ్గుపరిచే బల్ల ప్రభువు బల్లే కాదన్నాడు. ఆ సందర్భంలో వివేచించాల్సిన శరీరం రొట్టెలోనిది మాత్రమే కాదు, ఎదురుగా ఆకలితో కూర్చున్న సంఘం కూడా. మన దేశంలో దీని అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు. తంజావూరు, మద్రాసు సంఘాల్లో కులం వారీగా వేరు వేరుగా కూర్చుని, వేరు వేరుగా ప్రభు భోజనం తీసుకుంటున్నారని తెలిసి 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్, చర్చిలో కులం తక్షణం పోవాలని ఆజ్ఞ పంపితే, చాలామంది అగ్రవర్ణ క్రైస్తవులు చర్చి వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళకు రొట్టె సిద్ధాంతంతో ఏ పేచీ లేదు. పక్కన ఎవరు కూర్చుంటారన్నదే పేచీ. పౌలు మాటను ఆధారం చేసుకుని మరో సంఘం క్రైస్తవుడిని ఆపేవాళ్ళు, తమ సంఘంలో ఈ రెండో రకం అయోగ్యతను ఎంత గట్టిగా ఆపుతున్నారో కూడా చెప్పాలి.

ఇక నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే గౌరవించదగినది. గురుత్వాన్ని అధికారం అనడమే తప్పు, అది కాపలా అంటారు కతోలికులు. యేసు ఆ రాత్రి పన్నెండుమందికి అప్పగించినదాన్ని తరం నుంచి తరానికి, చేతులుంచి ప్రార్థించే పరంపర ద్వారా కాపాడుతున్నాం, ఆ పరంపర తెగిన చోట ఇది నిజంగా సంఘమంతటి భోజనమేనని ఎవరు పూచీ ఇస్తారు అంటారు. ఈ మాటకు పాత ఆధారమే ఉంది. రెండో శతాబ్దం తొలినాళ్ళలోనే అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్, బిషప్పు గానీ ఆయన నియమించినవాడు గానీ నడిపేదే సరైన బల్ల అని రాశాడు. అయితే దాదాపు అదే కాలపు దిదకే అనే పుస్తకంలో ప్రవక్తలు బల్ల దగ్గర తమకు తోచినంత కృతజ్ఞతాస్తుతులు చెల్లించవచ్చని ఉంది, బిషప్పులను సంఘమే ఎన్నుకోవాలని ఉంది. అంటే మొదటి నుంచీ రెండు పద్ధతులు ఉన్నాయి, ఒకటే తర్వాత గెలిచింది. పైగా ఈ నియమం జనం మీద ఎలా పడుతుందో మన పల్లెలు ఎరుగును. ఒక గురువుకు పది పన్నెండు ఊళ్ళు ఉన్న విచారణలో, మిగతా ఆదివారాలు ఉపదేశి ప్రార్థన చెప్పించి పంపుతాడు, పూజ ఉండదు. ప్రొటెస్టెంట్లలో కూడా అభిషిక్తుడైన పాస్టరు వచ్చే నెల దాకా బల్ల కోసం ఆగే సంఘాలున్నాయి. ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే కష్టం. 2019 అక్టోబరులో అమెజాన్ ప్రాంతపు బిషప్పుల సభ, నెలల తరబడి పూజ లేని గూడేల కోసం పెళ్ళైన పెద్దమనుషులను గురువులుగా అభిషేకించనివ్వమని అడిగింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన పోపు ఫ్రాన్సిస్ జవాబులో ఆ విన్నపానికి చోటు దొరకలేదు. కాపలా అవసరమే. కానీ కాపలా వల్ల లోపలివాళ్ళకే భోజనం అందకపోతే, ఆ కాపలా నియమాలను తిరిగి చూసుకోమని అడగడం అవిశ్వాసం కాదు.

ఈ వాదమంతా పండితుల గదిలో ఆగిపోతే నాకింత పట్టింపు ఉండేది కాదు. తెలుగు రాష్ట్రాల్లో కతోలిక అమ్మాయి, సి.ఎస్.ఐ. అబ్బాయి పెళ్ళి చేసుకోవడం కొత్త సంగతి కాదు. బాప్టిస్టు, లూథరన్ కుటుంబాలతోనూ అంతే. వాళ్ళ పెళ్ళికి కతోలిక బిషప్పు అనుమతి ఇస్తాడు, భార్యాభర్తల ఇద్దరి జ్ఞానస్నానాన్నీ గుర్తిస్తాడు, ఆ పెళ్ళిని సంస్కారంగా ఒప్పుకుంటాడు, పుట్టే పిల్లలను కతోలికులుగా పెంచేందుకు శాయశక్తులా ప్రయత్నిస్తానని కతోలిక భాగస్వామి చేత మాట తీసుకుంటాడు. ఆ పిల్లవాడు తొలి సత్ప్రసాదం తీసుకునే ఆదివారం తల్లి వరుసలో వెళుతుంది, తండ్రి బెంచీలో కూర్చుని ఉంటాడు. పక్క వీధి సి.ఎస్.ఐ. చర్చిలో ఆ తల్లికి బల్ల ఇవ్వడానికి పాస్టరు సిద్ధమే, కానీ తీసుకోవడానికి ఆమె సంఘం ఒప్పుకోదు. 2015 నవంబరులో రోములోని లూథరన్ చర్చికి వెళ్ళిన పోపు ఫ్రాన్సిస్‌ను, కతోలికుడిని పెళ్ళాడిన ఒక లూథరన్ స్త్రీ సరిగ్గా ఈ బాధే చెప్పి అడిగింది. తాను అనుమతి ఇవ్వలేనంటూనే ఆయన, ప్రభువుతో మాట్లాడుకుని ముందుకు సాగమన్నాడు. మరుసటి ఏడాది అక్టోబరు 31న లూండ్‌లో ఆయనా లూథరన్ ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడూ సంతకం చేసిన ప్రకటన, ఒకే బల్ల కోసం ఆకలిగొన్న కుటుంబాల బాధను పేరు పెట్టి ఒప్పుకుంది. 2018లో జర్మనీ బిషప్పుల్లో మూడింట రెండు వంతులకు పైగా ఇలాంటి జంటల కోసం మార్గదర్శకాలు తయారుచేస్తే, ఏడుగురు బిషప్పులు రోముకు ఫిర్యాదు చేశారు. చివరికి ఏ మేత్రాసనం (బిషప్పు పరిధి) దారి దానిదైంది.

ఆ దారి మన దగ్గరా తెరిచే ఉంది. 844వ నిబంధనలోని నాలుగో భాగం ప్రకారం, ప్రాణాపాయం గానీ మరో తీవ్రమైన అవసరం గానీ ఉండి, తన సొంత పాస్టరు దగ్గరికి వెళ్ళే వీలు లేక, తనంతట తాను అడిగి, ఈ సంస్కారం విషయంలో కతోలిక విశ్వాసాన్నే వ్యక్తం చేసే ప్రొటెస్టెంట్‌కు సత్ప్రసాదం ఇవ్వవచ్చు. తీవ్రమైన అవసరం ఏమిటో తేల్చే అధికారం మేత్రాసన బిషప్పుకూ, బిషప్పుల సమాఖ్యకూ ఉంది. వేరు వేరు సంఘాలకు చెందిన భార్యాభర్తలకు ప్రత్యేక సందర్భాల్లో ఇది వర్తించవచ్చని 1993 నాటి రోము ఐక్యతా మార్గదర్శిని కూడా చెప్పింది. హైదరాబాదులో, విజయవాడలో, గుంటూరులో, నెల్లూరులో, కర్నూలులో ఉన్న కతోలిక బిషప్పులు తొలి సత్ప్రసాదం రోజునో, ఇంట్లో మరణం జరిగి చేసే పూజలోనో, వివాహ పూజలోనో ఆ జంటలోని రెండో మనిషి అడిగితే ఏం చేయాలో తమ గురువులకు రాతపూర్వకంగా చెప్పవచ్చు. దీనికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. సి.ఎస్.ఐ., లూథరన్ సంఘాల పెద్దలు తమ వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. తమ బల్లను నడిపే అర్హత ఎవరికుందో, మిగిలిన రొట్టెను, ద్రాక్షరసాన్ని ఏం చేస్తారో, ఆ రొట్టెలో ఏం జరుగుతుందని తమ సంఘం బోధిస్తుందో ఒక పేజీలో రాసి ఆ బిషప్పుల చేతికి ఇవ్వవచ్చు. ముందుగా రాసేది ఎవరైనా సరే, ఎదురుచూస్తున్న కుటుంబాలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి.